బండ కింది సముద్రం

2024 అక్టోబర్ 15, మంగళవారం. వికారాబాద్

దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి రోజు. పిల్లలు సగం మందే. పూడూరు దారిలో అడుగడుగునా పోలీసులు. రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దామగుండం అడవిలో నేవీ కేంద్రానికి శంకుస్థాపన చేసి వెళ్లారు. 2,900 ఎకరాలు, సుమారు 3,200 కోట్ల ఖర్చు. ఊళ్లో అందరూ రాడార్ అంటున్నారు గానీ అది రాడార్ కాదు. మునిగి ఉన్న జలాంతర్గాములకు కబురు పంపే వీఎల్ఎఫ్ స్టేషన్. దేశంలో ఇప్పటికి ఇలాంటిది ఒక్కటే ఉంది. తిరునల్వేలిలో, 1990 నుంచి.

స్టాఫ్ రూమ్‌లో టీ చల్లారిపోయేదాకా వాదన. చెట్లు పోతాయని ఒకరు, మూసీ సంగతేమిటని ఒకరు, అడవిలోని రామలింగేశ్వరుడి గుడికి దారి ఉంచుతారా అని ఇంకొకరు. ఇవన్నీ సరైన ప్రశ్నలే. లెక్కల సార్‌ది మాత్రం వేరే ప్రశ్న: “సముద్రమే లేని ఊర్లె నేవీకి ఏం పని మేడం?”

బోర్డు మీద వేసి చూపించాను. ఉప్పునీళ్లు రేడియో తరంగాలను మింగేస్తాయి. మన ఫోన్ సిగ్నల్ సముద్రంలో జానెడు లోతు కూడా దిగదు. పది కిలోమీటర్ల నుంచి వంద కిలోమీటర్ల పొడవుండే తరంగమైతేనే కొన్ని మీటర్లు, మహా అయితే కొన్ని పదుల మీటర్లు పోతుంది. అంత పొడవు తరంగం పంపాలంటే చాలా పెద్ద ఏరియల్, దానికి బోలెడు నేల కావాలి. అలాంటి తరంగం వేల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఒడ్డున ఉండాలన్న పట్టింపు లేదు.

“కొన్ని పదుల మీటర్లేనా? ఆ కిందికి?”

ఆ కిందికి ఈ తరంగం పోదు సార్. బాగా లోతుకు పోయేది చప్పుడే.


2024 అక్టోబర్ 27, ఆదివారం. తాండూరు

మామయ్య పాలిషింగ్ యూనిట్‌కి ఓగిపూర్ దిక్కు నుంచి నీలం బండ లోడ్ వచ్చింది. కొనేవాళ్లు బండను పైనుంచి చూస్తారు, రంగు చూస్తారు. ఆయన మాత్రం కూర్చుని అంచు చూస్తాడు. బొటనవేలితో అంచు వెంట రాస్తూ పోయి ఒక చోట ఆపి, “ఇక్కడ పగుల్తది” అంటాడు. మేస్త్రి అక్కడే ఉలి పెట్టి నాలుగు దెబ్బలు మెల్లగా వేస్తే రాయి రెండు పలకలై విడిపోతుంది. ఎంత నునుపుగా అంటే, లోపలి ముఖం మీద అరచెయ్యి పెడితే మిషన్ మీద తీసినట్టే ఉంటుంది.

ఈరోజు నేనూ కూర్చుని అంచు చూశాను. వేలెడు మందంలో సన్నని గీతలు. ఒకటి ముదురు నీలం, ఒకటి బూడిద రంగు. రెండింటి నడుమ కాగితమంత పలుచని బంకమట్టి పొర. రాయి పగిలేది ఆ పొర దగ్గరే. సున్నపు బురద పేరుకుంటూ ఉండగా మధ్యలో ఎప్పుడో మట్టినీళ్లు వచ్చి పరుచుకున్నాయి. మళ్లీ సున్నం. మళ్లీ మట్టి. మామయ్య బొటనవేలు ఆగే చోటల్లా ఒకప్పుడు సముద్రపు అడుగే.

భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో దీని పేరు భీమా బేసిన్. తాండూరు నుంచి సేడం, వాడి, షాబాద్ దాకా ఒకటే రాయి. లోతు తక్కువ సముద్రంలో పేరుకున్నది. నియో ప్రొటెరోజోయిక్ కాలం అంటారు, ఆ కాలం చివరిదాకా పెంకు ఉన్న ప్రాణి భూమ్మీద లేదు. అందుకే మా బండలో గవ్వ కనిపించదు, చేప ముల్లు కనిపించదు. పదో తరగతిలో ఆమ్లాల పాఠం వచ్చినప్పుడు బండముక్క మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయిస్తాను. బుస్సుమని బుడగలు వస్తాయి. బెంచీ వెనక నుంచి ఎవరో ఒకరు “మేడం, సముద్రం గాలి!” అని అరుస్తారు. కార్బన్ డయాక్సైడ్ అని దిద్దుతాను గానీ ఆ మాటా తప్పు కాదు. ఆ వాయువు ఒకప్పుడు ఆ సముద్రపు నీళ్లలో కరిగి ఉన్నదే.


2024 డిసెంబర్ 28, శనివారం

సముద్ర గర్భంలో పొగ కక్కే వేడినీటి ఊటను మన దేశం వాళ్లు ఫోటో తీశారు. చెన్నై ఎన్ఐఓటీ, గోవా ఎన్‌సీపీఓఆర్ శాస్త్రజ్ఞులు సాగర్ నిధి నౌకలో వెళ్లి, ఓమి 6000 అనే మనిషి లేని యంత్రాన్ని నీళ్లలోకి వదిలారు. హిందూ మహాసముద్రం మధ్య గట్టు మీద, 4,500 మీటర్ల లోతున, ఆ చీకట్లో అది ఫ్లాష్ వేసి తీసిన బొమ్మ. రాళ్ల మధ్య నుంచి మసి రంగు పొగ లేస్తోంది.

చిన్నోడు ఫోన్‌లో జూమ్ చేసి చేసి చూసి, “నీళ్లలో పొగేంటమ్మా?” అన్నాడు.

అది పొగ కాదు, లోహం. అక్కడ సముద్రపు నేల చీలి ఉంటుంది. రెండు భూ పలకలు దూరం జరుగుతుంటాయి. చీలికల్లోంచి చల్లని సముద్రపు నీళ్లు కిందికి ఇంకి, కింద కరిగి ఉన్న రాతి వేడికి 350, 400 డిగ్రీలకు ఎక్కుతాయి. అంత వేడెక్కినా మరగవు. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు వంద డిగ్రీలు దాటాక మరగడానికి ఎంత తంటాలు పడతాయో వీడికి తెలుసు. అక్కడ మూత బరువు 450 వాతావరణాలు. ఆ నీళ్లు రాతిలోని రాగినీ జింకునూ ఇనుమునూ గంధకాన్నీ కరిగించుకుని పైకి తన్నుకొస్తాయి. బయట నీళ్లు రెండు డిగ్రీలు. ఒక్కసారిగా చల్లబడేసరికి కరిగిన లోహాలన్నీ సల్ఫైడ్ పొడిగా విరిగిపోతాయి. మనకు కనిపించే పొగ ఆ పొడే. అదే పేరుకుని పేరుకుని గొట్టాలు కడుతుంది.

1977 దాకా సముద్రం అడుగున వేడినీటి ఊటలను ఎవరూ కళ్లారా చూడలేదు. ఆ ఫిబ్రవరిలో గాలపాగోస్ దగ్గర, రెండున్నర వేల మీటర్ల లోతున, ఆల్విన్ జలయానంలో దిగినవాళ్లు రాళ్ల శాస్త్రం వాళ్లు. వెతుకుతున్నది వేడినీళ్లను. కనిపించింది జంతువుల గుంపు: ఆల్చిప్పలు, పీతలు, ఎర్రటి కొసలతో నిలువెత్తు గొట్టపు పురుగులు. నౌకలో జీవశాస్త్రజ్ఞుడు ఒక్కడూ లేడు. నమూనాలు పాడవకుండా ఉంచేందుకు చాలినంత రసాయనం కూడా లేదు. కొన్నింటిని రష్యన్ వోడ్కాలో వేసి తెచ్చారు.

ఎండ తగలని చోట ఆకు లేదు, ఆకు లేని చోట తిండి లేదు అని అప్పటిదాకా మనం చెప్పుకున్న పాఠం. అక్కడి బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఆక్సీకరణం చేసి ఆ శక్తితో బతుకుతాయి. మిగతా అందరూ వాటి మీద బతుకుతారు. కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు మీద ఒక ఊరు. సోమవారం ఎనిమిదో తరగతికి ఆహారపు గొలుసు పాఠంలో ఇది కలపాలి.


2025 జనవరి 5, ఆదివారం. అనంతగిరి

చిన్నోడు మళ్లీ హాస్టల్‌కి పోయేలోగా కొండకు పోదామంటే వచ్చాం. పాలసముద్రంలో పడుకునే స్వామి ఇక్కడ కొండ ఎక్కి కూర్చున్నాడని అత్తయ్య ఎప్పుడూ నవ్వుతుంది. దర్శనం అయ్యాక అడవి బాటలో నడిచాం. కాలికింద ఎర్రరాయి, చిల్లులు చిల్లులుగా. లేటరైట్. వానలు లక్షల ఏళ్లు కడిగి కడిగి మిగతావన్నీ తీసుకుపోగా మిగిలిన ఇనుపతుప్పు. బాట కోసిన చోట కొంచెం కిందికి చూస్తే నల్లరాయి, బసాల్ట్. గట్టిపడిన లావా.

6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద దక్కన్ మీద పారిన లావాకు ఇది ఆగ్నేయపు అంచు. పడమర తాండూరు దిక్కు పోతే లావా కోసుకుపోయిన చోట, కింద అణిగి ఉన్న ఆ పాత సముద్రపు సున్నపురాయి బయటపడుతుంది. అంటే నేను రోజూ ధారూర్, రుక్మాపూర్ మీదుగా రైల్లో తిరిగేది లావా నుంచి సముద్రంలోకి, సముద్రం నుంచి లావాలోకి.

అసలు విశేషం ఆ లావా ఎక్కడిదన్నది. భూమి లోపలి నుంచి వేడి ఎగదన్నే ఒక చోటు ఉంది. అది ఇప్పుడు రీయూనియన్ ద్వీపం కింద ఉంది, అక్కడి అగ్నిపర్వతం ఇంకా లావా కక్కుతూనే ఉంది. ఆ రోజుల్లో దాని మీద ఉన్నది మన నేల. లావా పారాక మన పలక ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్, మారిషస్: వరసగా ఆ జరుగుబాటు గుర్తులు. సుమారు అదే కాలంలో సీషెల్స్ ముక్క మన పడమటి ఒడ్డు నుంచి విడిపోయింది. ఆ చీలిక ఇప్పుడు అరేబియా సముద్రం నడుమ కార్ల్స్‌బర్గ్ గట్టు.

మొన్నటి ఫోటోలోని ఊట కూడా హిందూ మహాసముద్రం గట్టు మీదిదే. వేల కిలోమీటర్ల అవతలి సంగతి అని చదివాం గానీ, అనంతగిరి నల్లరాయికి అది పుట్టింటి దిక్కు. చిన్నోడికి చెప్తే, “అయితే మన కొండ వలస వచ్చిందా?” అన్నాడు. వాడు బ్యాగులో వేసుకున్న చిల్లుల రాయి పెద్దది, బస్సులో మొయ్యలేక వికారాబాద్ స్టాండులోనే వదిలేశాడు.


2025 ఫిబ్రవరి 17, సోమవారం

మనుషులను సముద్రపు లోతుకు తీసుకెళ్లే మన జలయానం మత్స్య 6000ను చెన్నై దగ్గర కాట్టుపల్లి రేవులో నీళ్లలో ముంచి, మనుషులను ఎక్కించి పరీక్షించారు. లోతుకు దిగేటప్పుడు దానికి ఉండాల్సింది ముగ్గురు పట్టే టైటానియం గోళం. లోపలి వ్యాసం 2.1 మీటర్లు, గోడ మందం 80 మిల్లీమీటర్లు. ఆరు వేల మీటర్లకు దిగాలని లక్ష్యం. పన్నెండు గంటల పని, ఆపద వస్తే 96 గంటల ప్రాణవాయువు. మన తరగతి గదిలో అలాంటి గోళాలు ఎన్ని పడతాయో పిల్లలే కొలిచి లెక్క వేశారు.

దామగుండం నుంచి దానికి కబురు పంపొచ్చా అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. పంపలేం. ఆ లోతున చప్పుడు తప్ప దారి లేదు. సముద్రపు నీళ్లలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. అయితే ఆరు వేల మీటర్ల కింద ఉన్నవాళ్లను “బాగున్నారా?” అని అడిగితే జవాబు ఎంతసేపటికి వస్తుంది? పోవడానికి నాలుగు సెకన్లు, రావడానికి నాలుగు. పిల్లలందరూ ఎనిమిది దాకా గొంతెత్తి లెక్కపెట్టారు. పక్క తరగతి హిందీ మేడం వచ్చి తలుపు వేసి పోయింది.


2025 మే 4, ఆదివారం. తాండూరు

ఎండ 42 దాటింది. కాగ్నా నదిలో బట్టలు ఉతకడానికి కూడా నీళ్లు లేవు. కూలర్ ముందు కూర్చుని శీతల ఊటల గురించి చదువుతున్నాను.

వేడి ఊటల కోసం మధ్య సముద్రం దాకా పోవాలి. శీతల ఊటలు మన కోస్తా ఎదురుగానే ఉన్నాయి. 2018లో గోవా ఎన్ఐఓ వాళ్ల సింధు సాధన నౌకలో అనింద మజుందార్ బృందం కృష్ణా గోదావరి బేసిన్‌లో, సుమారు 1,750 మీటర్ల లోతున, మీథేన్ ఊరే చోటు కనిపెట్టింది. మన జలాల్లో బతికి ఉన్న శీతల ఊట దొరకడం అదే మొదలు. అంతకు ముందు 2007లో మారియన్ డ్యూఫ్రేన్ అనే ఫ్రెంచ్ నౌక తీసిన బురద గొట్టంలో ఎప్పుడో చచ్చిన ఊట ఆనవాళ్లు, చిప్పలు, సున్నపు గడ్డలు దొరికాయి. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ నౌక అదే బేసిన్‌లో రంధ్రం వేసినప్పుడు గ్యాస్ హైడ్రేట్ సుమారు 130 మీటర్ల మందాన కనిపించింది. చల్లదనానికీ ఒత్తిడికీ మీథేన్ నీళ్లతో కలిసి గడ్డకట్టిన మంచు అది. అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. ఘనమీటరు గడ్డ కరిగితే సుమారు 164 ఘనమీటర్ల వాయువు. మన హైదరాబాద్ ఎన్జీఆర్ఐ వాళ్లు భూకంప తరంగాలతో ఈ గడ్డల జాడ తీయడం మీద ఏళ్లుగా పని చేస్తున్నారు.

పేరు శీతల ఊట గానీ నీళ్లు గడ్డకట్టేంత చలేమీ కాదు, చుట్టూ ఉన్న సముద్రపు చలే. వేడి ఊట పక్కన పెడితే చల్లన, అంతే. ఇక్కడి బతుకు తీరు చిత్రం. బురదలోంచి పైకి వచ్చే మీథేన్‌ను రెండు రకాల సూక్ష్మజీవులు జంటగా పట్టుకుంటాయి. ఒకటి మీథేన్ తింటుంది, ఇంకొకటి సముద్రపు నీళ్లలోని సల్ఫేట్ వాడుకుంటుంది. ఆ కాపురంలోంచి రెండు బయటికి వస్తాయి: హైడ్రోజన్ సల్ఫైడ్, బైకార్బనేట్. మొదటిదాన్ని నమ్ముకుని చిప్పలు, గొట్టపు పురుగులు బతుకుతాయి. చిప్పలు బాక్టీరియాను మొప్పల్లో పెట్టుకుని పెంచుతాయి. గొట్టపు పురుగుకు నోరు లేదు, పేగు లేదు. గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఊటల దగ్గర ఇలాంటివి రెండు వందల ఏళ్లు దాటి బతుకుతాయని లెక్కగట్టారు.

రెండోది, బైకార్బనేట్, సముద్రంలోని కాల్షియంతో కలిసి రాయి అవుతుంది. సున్నపురాయి. తాండూరు బండ పుట్టిన దారి వేరు, లోతు వేరు, కాలం వేరు. కానీ బంగాళాఖాతం అడుగు నుంచి తెచ్చిన ఆ గడ్డ మీద ఆమ్లం వేస్తే అదే బుస్సు. ఇంకో సంగతి. ఆ సూక్ష్మజీవులు మీథేన్‌ను అక్కడే పట్టేయకపోతే ఎంతో వాయువు సముద్రంలోకి ఎక్కుతుంది. అవి మనకు తెలియకుండా మనకు కాపలా.


2025 జులై 20, ఆదివారం. అనంతగిరి

వాన. కొండ మీది కోనేరు దగ్గర మూసీ మొదలు. నది అనడానికి లేదు, చెప్పులు చేతిలో పట్టుకుని దాటాను. కాలువ ఎర్రగా పారుతోంది.

మే నెలలో చదివినది ఇక్కడ కళ్ల ముందు కనిపించింది. మీథేన్ చాలామటుకు బురదలో కూరుకుపోయిన ఆకూ అలమూ కుళ్లితే పుట్టింది. ఆ బురద నదులు తెచ్చింది. అనంతగిరికి తూర్పున పడ్డ వాన మూసీలోంచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమర పడ్డది కాగ్నా, భీమా మీదుగా అదే కృష్ణలో కలుస్తుంది. కొండ ఎటు దిగినా దారి బంగాళాఖాతానికే. కృష్ణా గోదావరి బేసిన్ బురదలో దక్కన్ లావా కరిగి వచ్చిన బంకమట్టి ఉందని పరీక్షల్లో తేలింది. దానిలో చిటికెడు వికారాబాద్ ఉండకుండా ఉంటుందా?

ఇప్పుడైతే మట్టి అంత దూరం పెద్దగా పోదు. మూసీది గండిపేట దగ్గర కొంత, కాగ్నాది నాగార్జునసాగర్ దాటేలోగా చాలా, మిగిలింది పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగిపోతుంది. ఈనాటి ఊటలకు తిండి పెడుతున్నది ఆనకట్టలు లేని కాలపు మట్టి. నిల్వ కరిగేదాకా వాటికి ఆనకట్టల కబురు అందదు.


2025 ఆగస్టు 10, ఆదివారం

ఫ్రాన్స్ వాళ్ల నాటైల్ జలయానంలో మనవాళ్లు ఇద్దరు అట్లాంటిక్‌లో దిగారు. 5వ తేదీన ఎన్ఐఓటీ శాస్త్రజ్ఞుడు రాజు రమేశ్ 4,025 మీటర్లకు, 6న విశ్రాంత నేవీ కమాండర్ జతీందర్ పాల్ సింగ్ 5,002 మీటర్లకు. మత్స్య కోసం శిక్షణ.

మామయ్య పేపర్ మడిచి, “గంత లోతుల మనిషి పోయి ఏం జేస్తడు బిడ్డా? మిషన్‌ని పంపితే అయిపాయె” అన్నాడు. ఓమి పంపిన ఫోటో చాలదా అని ఆయన భావం. నేను బండ అంచు గుర్తు చేశాను. ఫోటోలో బండ రంగు తెలుస్తుంది, ఎక్కడ పగులుతుందో తెలుస్తుందా మామయ్యా? కాసేపు ఊరుకుని, “అంటే ఏలు పెట్టి సూడాలె” అన్నాడు.


2025 సెప్టెంబరు 21, ఆదివారం. తాండూరు

ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు దొరకలేదు, బంతితోనే కానిచ్చాం. పూలు పేర్చుతూ వార్త చదివి వినిపిస్తే మామయ్య గడప మీద కూర్చుని విన్నాడు. ఈ నెల 15న మన దేశం అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో ఒప్పందం రాసుకుంది. కార్ల్స్‌బర్గ్ గట్టు మీద 10,000 చదరపు కిలోమీటర్లలో లోహ సల్ఫైడ్ల కోసం వెతకడానికి. 2016లోనే దక్షిణాన వేరే గట్ల మీద ఇంతే మేరకు ఒకటి రాసుకుంది. ఇలాంటివి రెండు ఉన్న దేశం మనదే మొదలు.

“పది వేల అంటే ఎంత?”

మన వికారాబాద్ జిల్లాలాంటివి మూడు.

“లీజా?”

తవ్వడానికి కాదు మామయ్యా. పదిహేనేళ్లు వెతకడానికి మాత్రమే.

“ఎతుకుతా అని రాసుకున్నోడు ఎతికి ఊకుంటడా?”

దానికి నా దగ్గర జవాబు లేక, వేడి ఊటల దగ్గర బతికే నత్త సంగతి చెప్పాను. దాని పాదం మీద ఇనుప సల్ఫైడ్ పొలుసులు. ఇనుప కవచం కట్టుకున్న ప్రాణి ఇంకొకటి లేదు. 2001లో హిందూ మహాసముద్రంలోనే కైరే ఊట దగ్గర దొరికింది. 2019లో దాన్ని అంతరించే ప్రమాదం ఉన్న జాతిగా ఎర్రజాబితాలో చేర్చారు. సముద్రగర్భ గనుల భయంతో ఆ జాబితాకు ఎక్కిన మొదటి ప్రాణి అదే. అప్పటికి అది ఉన్నట్టు తెలిసినవి మూడు ఊటలు. అన్నీ కలిపి లెక్కేస్తే ఐదెకరాలు. మూడింట్లో రెండు అప్పటికే ఎవరో ఒకరి అన్వేషణ ఒప్పందం కింద ఉన్నాయి.

ఐదెకరాలు అన్నప్పుడు మామయ్య తలెత్తాడు. ఆ కొలత ఆయనకు బాగా తెలుసు. ఆయన మొదటి గని దాదాపు అంతే. ఇప్పుడది నీళ్లు నిండిన గుంత.

“నత్త సంగతి అట్లుంచు. రాయి ఎంత అస్తది, వేస్టు ఎంత అస్తది? గా పొడి యాడికి పోతది?”

నీళ్లలో కలుస్తుంది.

“గాలిల పొడి అయితే పొద్దుమీకేసరికి ఇంటి కప్పు మీద కూసుంటది. తుడుసుకుంటం. నీళ్లల్ల పొడి ఎన్ని దినాలకు కూసుంటది? ఎవని ఇంటి మీద కూసుంటది?”

సముద్రగర్భ సంస్థ ఆఫీసు జమైకాలో, కింగ్‌స్టన్‌లో. తవ్వకాల నియమావళి మీద అక్కడ ఏళ్లుగా వాదన నడుస్తోంది, ఈ జులైలో కూడా తేలలేదు. ఆ వాదనలో ఒక పెద్ద ముడి ఇదే. యంత్రం లేపిన పొడి మబ్బు ప్రవాహాల వెంట ఎంత దూరం పోతుంది, నీటిని వడగట్టి తినే ప్రాణుల మొప్పల్లో ఎంత పడుతుంది అన్నది. దాదాపు నలభై దేశాలు ఆగమంటున్నాయి. నలభై ఏళ్లు పొడి పీల్చిన మనిషి అదే చోట వేలు పెట్టాడు.

వీధిలో పాట మొదలైంది. పళ్లెం ఎత్తుకుని వెళ్లాను.


2025 అక్టోబర్ 12, ఆదివారం. తాండూరు

పిల్లల గోడపత్రికకు సముద్రం సంచిక. ముఖచిత్రం మత్స్య. గీసింది బషీరాబాద్ దిక్కు నుంచి వచ్చే అబ్బాయి, గోళం కంటే లైట్లే పెద్దగా వేశాడు. లోపల నా వ్యాసం ఒకటి ఉండాలని పట్టుబట్టారు.

రాయడానికి కూర్చుంటే కలం రెండు వైపులకూ లాగింది. ఈ ఇంట్లో తిన్న ప్రతి ముద్దా ఒక సముద్రపు అడుగును పగలగొట్టి తెచ్చినదే. నా బీఎడ్ ఫీజు, చిన్నోడి హాస్టల్ ఫీజు, ఈ గచ్చు. సముద్రాన్ని తవ్వొద్దు అని నేను నీతి చెప్పలేను. రాగి వద్దు, కోబాల్ట్ వద్దు, బ్యాటరీ మాత్రం కావాలి అని కూడా చెప్పలేను. మరోవైపు మేం తవ్వింది ప్రాణం ఖాళీ చేసిపోయిన అడుగు. కార్ల్స్‌బర్గ్ గట్టు మీద ప్రాణం ఇంకా కాపురం ఉంటోంది. తేడా అక్కడ ఉంది. ఒకే మాటలో గని అనేస్తే ఈ తేడా చెరిగిపోతుంది.

అందుకని ఇలా రాశాను. చూడటానికి ఎంత లోతుకైనా పోవాలి. నౌకలు, ఓమిలు, మత్స్యలు ఇంకా కావాలి. అనంతగిరి ఎక్కడి నుంచి వచ్చిందో, మన మట్టి ఎక్కడికి పోయిందో చెప్పినవి ఆ ప్రయాణాలే. తవ్వే మాట వస్తే మాత్రం ముందు రాసుకోవాల్సినవి మూడు. ఒకటి, బతికి ఉన్న ఊట జోలికి పోకూడదు. తవ్వితే పూర్తిగా చల్లారిన సల్ఫైడ్ గుట్టలనే తవ్వాలి, అవి చల్లారాయని, అక్కడ కూడా ఏ ప్రాణీ నివాసం లేదని వెళ్లి చూసి నిర్ధారించాలి. రెండు, తవ్వకముందు అక్కడ ఏముందో పూర్తి పట్టిక వేసి అందరికీ తెరిచి పెట్టాలి. మూడు, పొడి ఎక్కడ కూర్చుంటుందో తేలేదాకా యంత్రం దించకూడదు.

మామయ్యకు చదివి వినిపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, “మూడు బాగున్నయి. అసలుది ఇడిసిపెట్టినవ్” అన్నాడు.

ఏంటది?

“పైసలు. తవ్వెటోనితోని ముందుగాలనే బ్యాంకుల కట్టించుకోవాలె. గుంత ఖరాబు జేసి పోతే జప్తు. గది లేకుంటె నీ మూడు కాయితం మీదనే ఉంటయి.”

నాలుగో అంశంగా చేర్చాను. ఆయన మాటల్లోనే, మార్చకుండా. రేపు బడికి పోగానే సైన్ బోర్డుల పెయింటర్ కొడుకుతో పెద్ద అక్షరాల్లో రాయించాలి.